ప్రాణం దక్కితే చాలన్నాను

మా నరేశ్ తాటిచెట్టు మీద నుంచి పడ్డ రోజు, వాణ్ణి సిద్దిపేట దవాఖానకు ఎక్కించుకుపోయాక, నేను కొబ్బరికాయను పసుపు గుడ్డలో కట్టి దేవుని గూట్లో పెట్టాను. ఎల్లమ్మకు ముడుపు.

"తల్లీ, నా కొడుకు ప్రాణం దక్కితే చాలు. ఇంకేమీ అడగను" అన్నాను.

వాడు చెట్టెక్కిన ప్రతి పొద్దూ నా కళ్ళకు పాడె కనబడేది. కల్లు దించుకుని వచ్చేదాకా పొయ్యి మీద అన్నం మాడినా తెలిసేది కాదు. అంత భయంలో ఉన్నదానికి ప్రాణానికి మించి అడగాలని తోచలేదు.

ప్రాణం దక్కింది. నడుము కింద మాత్రం స్పర్శ లేదు. ఇక నడవడం కష్టమని డాక్టరు చెప్పాడు.

మూడు నెలలైనా ముడుపు విప్పలేదు. పక్కింటి కిష్టవ్వ అది చూసి, "గిదేంది ఐలవ్వా, నువ్వు కోరింది అయింది గద. కాయ కొట్టకుంటే తల్లి ఊకుంటదా?" అంది.

విప్పితే ఇది చాలని నేనే ఒప్పుకున్నట్టు. విప్పకపోతే, ఇచ్చిన ప్రాణం వెనక్కి తీసుకుంటుందేమో. వాడు నిద్రపోతుంటే ఊపిరి ఆడుతుందో లేదో చూడడం మొదలుపెట్టాను.

"ఏందవ్వా, ముక్కు కాడ చెయ్యి పెడుతున్నవ్? నేనింకా పోలే" అన్నాడు ఒకరోజు కళ్ళు తెరవకుండానే.

అంతా చెప్పేశాను.

"ప్రాణమొక్కటే అడిగినవా?"

"భయంల గదే వచ్చింది బిడ్డా."

"కాళ్ళు గూడ జర యాదికి రావద్దా" అని నవ్వాడు. తర్వాత గోడవైపు ముఖం తిప్పుకున్నాడు. అటే చూస్తూ, "సారయ్య ఆటో పిలువు. నేను గూడ వస్త" అన్నాడు.

సారయ్య వాణ్ణి ఎత్తి గుడి మెట్టు మీద కూర్చోబెట్టాడు. ముడుపు నేను విప్పాను, కాయ వాడే కొట్టాడు.

"ఇగ మొక్కు తీరింది. మళ్ళ అడుగు" అన్నాడు.

"ఇంకేం అడగనని అన్న గద బిడ్డా. మాట తప్పితే నీకేమన్న అయితదేమో."

"నేను గట్ల అనలేదు గద" అని వాడు చేతులు జోడించాడు.

పెదవులు కదులుతున్నాయి. ఏమంటున్నాడో వినబడలేదు. దవాఖానలో ఒక్కసారీ ఏడవని పిల్లవాడు, అమ్మవారి ముందు భుజాలు అదిరేలా ఏడుస్తున్నాడు.

నేను కింది మెట్టు మీద కూర్చుని వాడి పాదాలు రెండు చేతులా పట్టుకున్నాను. పట్టుకున్నట్టు వాడికి తెలియదు. నోటితో నేనేమీ అడగలేదు. వాడు అడగడం అయ్యేదాకా వదల్లేదు.