యాభయ్యమ్మ తూకం

కాటాలు బాగుచేసే షాపు షట్టరు లేచిన చప్పుడు వినగానే యాభయ్యమ్మ మేడ దిగి వచ్చేది. తలుపు పక్కనున్న పెద్ద కాటా మీద చెప్పులు కూడా విప్పకుండా నిలబడేది. అంకెలు కాసేపు తడుముకుని యాభై దగ్గర ఆగేవి. "ఊఁ" అని దిగి, కుర్చీలో కూర్చునేది. ఎప్పుడైనా యాభై చూపించకపోతే అల్లుడు కాటా విప్పి దాని సంగతి చూసేవాడు. ఆవిడ సంగతి చూడాలని ఎవరికీ తోచేది కాదు.

ఆవిడ బరువు యాభై కేజీలు. పెళ్ళినాడు యాభై, కూతురు కడుపులో ఉండగా నెలలు నిండినప్పుడు యాభై, కన్న మర్నాడు కూడా యాభై. కడుపునిండా తిన్నా, పస్తున్నా, వానలో తడిసి ముద్దయి వచ్చినా ఒక్క గ్రాము అటూ ఇటూ కదిలేది కాదు. మొగుడు పోయినప్పుడు మనిషి చిక్కి సగమైందని చూడ్డానికి వచ్చినవాళ్ళంతా అన్నారు. కాటా ఎక్కిస్తే యాభై. ఆవిడ అసలు పేరు ఆ వీధిలో అప్పటికే ఎవరికీ గుర్తులేదు.

అలాంటి మనిషికి ఇతరుల మీద గౌరవం ఎక్కణ్ణుంచి వస్తుంది? వాచిన మనుషులు, వంగిన మనుషులు, పూటకో తూకం మారే మనుషులు. షాపుకొచ్చే ప్రతివాణ్ణీ ఆవిడ కుర్చీలోంచే తూచేసేది. చేపల దుకాణం వాడు కాటా ఒరగబెట్టి పట్టుకొస్తే, "నీలాగే ఉంది నీ కాటా. ముందు నిటారుగా నిలబెట్టడం నేర్చుకో" అనేది. నగల కొట్టువాడు చిన్న పడికట్టు రాళ్ళని ఒట్టి వేళ్ళతో తీస్తుంటే, "ఆ చెమటంతా బంగారం లెక్కలో కలుస్తుంది. చిన్న పట్టకారుతో తియ్యవయ్యా" అని కసిరేది. పాత సామాన్ల కొట్టువాడు తుప్పుపట్టిన ఇనుపరాయికి రంగేసి తెచ్చి కొత్తదన్నాడు. "పైన రంగెక్కింది, లోపల ఇనుము కరిగింది. ఇప్పుడది నీ మాటంత బరువుంటుంది" అంది. అతను నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు?

అందరికంటే తక్కువ తూగినవాడు అల్లుడు. చిన్న కాటాలు సరిచెయ్యడానికి మామగారు వదిలిపోయిన స్టీలు రాళ్ళ పెట్టె ఒకటుంది. పెద్ద కాటాలకి పెద్ద రాళ్ళు కావాలి. కేజీ రాయితో బస్తాలు మోసే కాటాని పరీక్ష చెయ్యడం చెంచాతో చెరువు లోతు చూడ్డమే. ఆ ముక్క అల్లుడికి తెలుసు. తెలిసినా కొనడు. "ఇంట్లో యాభై కేజీల పడికట్టు రాయి అన్నం తింటూ తిరుగుతుంటే ఇంకోటి కొనడం దేనికి?" అనేవాడు. పెద్ద కాటా ఎక్కడ పాడైనా అత్తగారిని బండిలో ఎక్కించుకుని వెళ్ళేవాడు. ఆవిడ ఎక్కేది, అతను మీట నొక్కి అంకెని యాభైకి దిద్దేవాడు, ఆవిడ దిగేది.

కూతురు మాత్రం అప్పుడప్పుడు అనేది, "స్టీలు రాళ్ళనే ఏటేటా పంపించి సరిచూపించుకోవాలమ్మా. వాడేకొద్దీ అవీ అరుగుతాయి."

"నన్నెక్కడికి పంపిస్తావే? నన్ను చూసేవాడింకా పుట్టలేదు" అనేది యాభయ్యమ్మ.

అలా ఉండగా ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. కిడ్నీలు పాడైనవాళ్ళకి మిషను మీద రక్తం శుభ్రం చేసే వార్డు అది. అక్కడ కాటాయే దేవుడు. రోగి రాగానే తూస్తారు. ఉండాల్సిన బరువుకంటే ఎంత ఎక్కువుంటే అంత నీరు ఒంట్లో చేరిందని లెక్క. అంతా మిషను లాగేస్తుంది. మూడు నెలల కిందట ఆ వార్డు కాటాని సరిచేసిందీ అల్లుడే, యాభయ్యమ్మని ఎక్కించే.

"టీసీ గారు గొడవ చేస్తున్నారు, కాటా తప్పంట" అంది హెడ్ నర్సు, పళ్ళ నొప్పి ఉన్నదానిలా మొహం పెట్టి.

టీసీ గారంటే మంచం మీద పడుకున్న ఎండిన మనిషి. ఉద్యోగమంతా రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. మూడు నెలలుగా మిషను ఎక్కిన ప్రతిసారీ పిక్కలు పట్టేసి కేకలు పెడుతున్నాడు. క్రితంసారి స్పృహ తప్పాడు. ఇంటికెళ్ళేది ఎప్పుడూ చక్రాల కుర్చీలోనే.

"ఇక్కడ అందరూ దొంగతనంగా నీళ్ళు తాగొచ్చేవాళ్ళే, ఈయనొక్కరే ఒప్పుకోరు. వచ్చిన ప్రతిసారీ కేజీన్నర ఎక్కువ. అడిగితే చుక్క ముట్టలేదంటారు. అంత నీరు లాగితే పిక్కలు పట్టెయ్యవా?" అంది హెడ్ నర్సు.

"అమ్మతోడు. గ్లాసు కొలిచి తాగుతున్నాను" అన్నాడు టీసీ.

అల్లుడు కాటాని గచ్చు మీద సమంగా కూర్చోబెట్టాడు, కాసేపు వేడెక్కనిచ్చాడు, అత్తగారికి దారి వదిలాడు. ఆవిడ ఎక్కింది. యాభై.

వార్డంతా టీసీ వైపు చూసింది.

యాభయ్యమ్మ దిగి అతని మంచం దగ్గరికి వెళ్ళింది. "ఏమండీ టీసీ గారూ, మీ సర్వీసులో ఎంతమంది అమ్మతోడు అని ఉంటారు మీతో?"

"చాలామంది."

"ఎంతమందిని నమ్మారు?"

అతను పైకప్పు వైపు చూశాడు. "ఒక్కణ్ణి కూడా నమ్మలేదు."

"అదీ మర్యాద. అబద్ధాలు మనుషులాడతారు, తూకం ఆడదు. నోరు కట్టుకోండి, పిక్కలు వాటంతటవే తగ్గుతాయి" అని ఆవిడ వెనక్కి తిరిగింది. హెడ్ నర్సు మెట్ల దాకా సాగనంపింది. మిషను ఆ రోజు కూడా కేజీన్నర ఎక్కువే లాగింది. యాభయ్యమ్మ ఇంటికెళ్ళి తలుపేసుకుని హాయిగా నిద్రపోయింది.

ఆ నెలాఖర్లో ఒక మందుల ఫ్యాక్టరీ వాళ్ళు తమ కాటాలన్నీ చూసిపెట్టమన్నారు. పెద్ద పని. కానీ వాడే రాళ్ళకి సర్టిఫికెట్ ఉండాలన్నారు. మా అత్తగారున్నారని అల్లుడు చెప్పబోతే, ఆవిడకి సర్టిఫికెట్ ఉందా అన్నారు. అత్తగార్లకి సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు ఎక్కడా లేదు. చేసేదిలేక అల్లుడు పళ్ళు కొరుక్కుంటూ మెరుగుపెట్టిన స్టీలు రాళ్ళు తెప్పించాడు. ఇరవై కేజీలవి రెండు, పది కేజీలది ఒకటి. మూతపెట్టెల్లో గుడ్డ పరుచుకుని వచ్చాయి.

"పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. ఎన్నాళ్ళుంటాయో ఆ మెరుపులు" అంది యాభయ్యమ్మ కుర్చీలోంచి.

కూతురు చేతులకి తొడుగులు వేసుకుని, ఈడ్చకుండా ఒక్కొక్కటే ఎత్తి షాపు కాటా మీద పెట్టింది. యాభై రావాలి. యాభై ఒకటి దాటింది.

"నేనప్పుడే అనుకున్నా, దొంగ సరుకు!" అల్లుడు ఎగిరాడు. అమ్మినవాడికి ఫోన్ చేసి నానా మాటలూ అన్నాడు. యాభయ్యమ్మ పకపకా నవ్వింది. అమ్మినవాడు మంచివాడో, లేక తిట్లు పడ్డం అలవాటైనవాడో, మారుమాట్లాడకుండా ఇంకో మూడు రాళ్ళు పంపాడు. అవీ పెట్టారు. అచ్చం అదే అంకె.

అల్లుడు మళ్ళీ ఫోన్ తీశాడు. కూతురు అతని చెయ్యి పట్టుకుంది.

"ఆగండి. వేరువేరు రాళ్ళు ఒకే అబద్ధం ఆడవు." కాటాని ఆ రాళ్ళకే దిద్దింది. వాటిని దించింది. తల్లి వైపు తిరిగింది. "నువ్వెక్కమ్మా."

"నేనా? నన్ను పరీక్ష చేస్తావా?"

"ఎక్కు."

ఆవిడ ఎక్కింది. అంకెలు తడుముకున్నాయి, నలభై ఎనిమిది మీద కొంచెం దగ్గర నిలబడ్డాయి. ఆవిడ దిగి మళ్ళీ ఎక్కింది. చెప్పులు విప్పి ఎక్కింది. చెప్పులు వేసుకుని ఎక్కింది. ఊపిరి బిగబట్టి ఎక్కింది. కాటా మొహమాటపడలేదు.

పెద్దవయసు, ఇనుమే అరుగుతుంది, ఇందులో వింతేముంది? ఎప్పుడు తగ్గిందో తెలీకపోవడమొక్కటే ఇబ్బంది. తగ్గిన మనిషిని ఎక్కించి, అదే యాభై అని ఊళ్ళో ఎన్ని కాటాలు దిద్దారో! అవన్నీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తున్నాయి. పాత సామాన్ల కొట్టు, బస్తాల గోదాము, పార్సిల్ ఆఫీసు.

"ఆసుపత్రి" అంది యాభయ్యమ్మ.

అల్లుడు షట్టరు సగం కిందికి లాగాడు. "అత్తయ్యా, నెమ్మది. కేజీ తేడా ఎవడు కనిపెడతాడు? రేపోమాపో సర్వీసింగ్ అని వెళ్ళి చడీచప్పుడు కాకుండా దిద్దేసి వస్తాను. ఇప్పుడు బయటపెడితే షాపు మూసుకోవాలి."

"ఈలోపల ఆయన పోతేనో?"

"ఆయనెటూ రోగిష్టి మనిషేగా."

యాభయ్యమ్మ అల్లుణ్ణి కిందినుంచి పైదాకా చూసింది. ఇన్నేళ్ళూ అతన్ని చిన్నచూపు చూసినా, ఇంత చిన్నగా ఎప్పుడూ కనిపించలేదు. అంతకంటే అసహ్యంగా ఉన్నదేంటంటే, ఆ మాట అతని నోట్లోంచి రాకముందే తన మనసులోనూ ఒకసారి వచ్చిపోయింది.

"అల్లుడు గారూ, తమరు షట్టరు పూర్తిగా దించేసి లోపల కూర్చోండి. బయటికొస్తే గాలికి ఎగిరిపోతారు" అంది. కూతురికేసి తిరిగి, "ఆ పెళ్ళికూతుళ్ళని బండెక్కించు" అంది.

వాళ్ళు వెళ్ళేసరికి టీసీని తూచడం అయిపోయింది. నర్సు గొట్టాలు సిద్ధం చేస్తోంది. అతను దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుని, రాబోయే నొప్పి కోసం ముందే మొహం ముడుచుకుని ఉన్నాడు.

"ఆపమ్మా. కాటా తప్పు" అంది యాభయ్యమ్మ గుమ్మంలోంచే.

హెడ్ నర్సు వచ్చింది. "అదేంటి పెద్దమ్మా? మొన్న మీరే ఎక్కి చూశారుగా. సరిగ్గా యాభై."

"నాతో దిద్దిన కాటా నన్నెక్కిస్తే యాభై కాక ఇంకేం చూపిస్తుంది? దొంగకి దొంగే సాక్ష్యమన్నట్టు. నేను యాభై కాదు. నేనే తప్పు తూకం."

కూతురు రాళ్ళు పెట్టింది. అంకె యాభై ఒకటి దాటింది. హెడ్ నర్సు మొహం పాలిపోయింది. తిరుగుతున్న మిషన్లన్నిటి లెక్కా తగ్గించమని నర్సుకి చెప్పి, టీసీ మంచం దగ్గరికెళ్ళి కాగితం మీద లెక్క కొట్టేసింది. కాటా దిద్దాక అతన్ని తనే పట్టుకుని మళ్ళీ ఎక్కించింది. ఉండాల్సినదానికంటే కాస్తే ఎక్కువ. గ్లాసు కొలిచి తాగినవాడి బరువు.

యాభయ్యమ్మ అతని ఎదురుగా నిలబడింది. క్షమాపణ ఎలా అడుగుతారో ఆవిడకి తెలీదు. ఎప్పుడూ అవసరం పడలేదు. "మీరు నీళ్ళు తాగలేదు. నేను తగ్గాను. నాకు తెలీలేదు" అంది, ఎవరినో తిడుతున్నట్టు.

టీసీ ఆవిడ వైపు చూశాడు. జీవితమంతా ఎదుటివాళ్ళ సాకులు విని విని కాయకాచిన కళ్ళు అవి.

"తెలీలేదని ప్రతివాడూ అంటాడు" అన్నాడు.

"నిజంగానే తెలీలేదు."

"ఆ మాట కూడా అంటారు. మూడు నెలలు నా పిక్కలు పిండారు మీరు. మా ఆవిడ కూడా నమ్మలేదు నన్ను. ఇంట్లో నీళ్ళ బిందెకి తాళం వేసింది." అతను గోడ వైపు చెయ్యి చూపించాడు. "అక్కడ స్టూలుంది. కూర్చోండి. మిషను ఆగేదాకా కదలకండి. నేనెలా ఉంటానో కళ్ళారా చూడండి."

"అమ్మా, ఇంటికెళ్దాం. అంతసేపు నువ్వు కూర్చోలేవు" అంది కూతురు.

యాభయ్యమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.

మిషను తిరుగుతున్నంతసేపూ ఆవిడ అతని కాళ్ళకేసే చూస్తూ కూర్చుంది. దుప్పటి ఎక్కడ కదిలినా ఉలిక్కిపడి లేచేది. అతను ఊరికే కాలు సర్దుకున్నాడని తెలిసి మళ్ళీ కూర్చునేది. మొదట్లో అతను పిడికిలి బిగించే ఉన్నాడు. నొప్పి రాలేదు. రాకపోయేసరికి దాన్ని కూడా అనుమానించాడు. తర్వాత పిడికిలి వదులైంది. చివరికి నోరు తెరుచుకుని గురకపెట్టాడు. ఆ వార్డులో ఆ మనిషి నిద్రపోవడం అంతకుముందెవరూ చూడలేదు. హెడ్ నర్సు అతన్ని దాటి వెళ్ళేటప్పుడు చెప్పులు చప్పుడు కాకుండా నడిచింది.

గొట్టాలు తీశాక నర్సు చక్రాల కుర్చీ తోసుకొచ్చింది.

"ఎందుకది?" అన్నాడు టీసీ. మంచం దిగాడు. ఒక కాలు ఆనించాడు, రెండోది ఆనించాడు. చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. యాభయ్యమ్మని చూసి, "ఇంకా ఇక్కడే ఉన్నారా?" అన్నాడు.

"మీరేగా కూర్చోమన్నారు."

"సరే, వెళ్ళండి." అని అతనే ముందు వెళ్ళిపోయాడు. క్షమించానని అనలేదు, థాంక్స్ అనలేదు, వెనక్కి కూడా చూడలేదు. ఆవిడ తలుపు దాకా వెళ్ళి చూసింది. అతను రెయిలింగ్ పట్టుకోకుండా, సంకన సంచీతో, మెట్లు దిగి వీధిలోకి వెళ్ళాడు. జనంలో కలిసేదాకా ఆవిడ చూస్తూనే ఉంది.

కూతురు రాళ్ళని గుడ్డతో తుడిచి పెట్టెల్లో సర్దింది. "పద, రేపు పొద్దున్నుంచీ అందరి కాటాలూ చూసిరావాలి. వాళ్ళందరికీ ఏం చెప్తావు?"

"నిజమే చెప్తాను. వెధవలు, నవ్వుకుంటే నవ్వుకోనీ" అంది యాభయ్యమ్మ. గుమ్మం దగ్గర్నుంచి కదలబోతుంటే కళ్ళు తిరిగినట్టై గోడ పట్టుకుంది. కూతురు పరుగున వచ్చి నడుం చుట్టూ చెయ్యి వేసింది.

"ఏమైందమ్మా?"

యాభయ్యమ్మ కాసేపు ఆలోచించింది, ఒంట్లో కొత్తగా వచ్చిందేదో పేరు తెలీక వెతుక్కుంటున్నట్టు.

"ఆకలేస్తోందే" అంది.

ఆ మాట తల్లి నోట వినడం కూతురికి అదే మొదలు.