అత్యవసరమంటే ఎన్నాళ్లు

కువైట్‌లోని కబ్ద్‌లో తోటపని చేస్తుండగా నీళ్ల ట్యాంకు వచ్చి మీద పడి బుడేన్ సాహెబ్ నడుము విరిగింది. ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, మిగతా వైద్యం ఇండియా వెళ్లి చేయించుకోమన్నారు. పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, పాస్‌పోర్టు చేతికిచ్చి, మామూలు టికెట్ కొనిచ్చాడు. కానీ అతను కూర్చోలేడు. పడుకోబెట్టి తీసుకెళ్లాలంటే విమానంలో ఒక వరుస సీట్లన్నీ కొనాలి.

అతని అక్క మస్తాన్ బీ నగరంలోని షర్క్‌లో ఆఫీసులు తుడుస్తుంది. రాయచోటి నుంచి వచ్చినప్పటి నుంచీ తెలుగువాళ్ల సహాయ సంఘానికి నెలనెలా చందా కడుతోంది. ఆ సంఘానికి అత్యవసర నిధి ఉంది. కాగితాలన్నీ జతచేసి దరఖాస్తు ఇచ్చింది.

కార్యదర్శి కుక్కుటేశ్వరరావు కోనసీమ మనిషి. ఎప్పుడు ఫోన్ చేసినా మర్యాదగానే మాట్లాడేవాడు.

"పరిశీలనలో ఉందమ్మా. మనవాళ్లు వచ్చి చూడాలి, తరవాత కమిటీ కూర్చోవాలి, ఆపైన ప్రెసిడెంటు గారి సంతకం. ఆయన ఇండియాలో ఉన్నారండి మరి."

చూడటానికి ఎవరూ రాలేదు. అక్క గదిలో పరుపు మీదే ఉన్న బుడేన్ సాహెబ్ వీపు మీద పుండ్లు లేచాయి. అతన్ని పక్కకు తిప్పిన ప్రతిసారీ మస్తాన్ బీ తల తిప్పుకునేది.

"వాళ్లు రారులే అక్కా," అన్నాడొకరోజు. "నన్నే తీసకపో. చూస్తారు గదా."

"నొప్పికి తట్టుకుంటావా?"

"ఈడ పండుకున్నా నొప్పే."

శుక్రవారం మధ్యాహ్నం ఆమె గదిలోనే ఉండే వెంకటదుర్గ తనకు తెలిసిన డ్రైవరుతో వ్యాను మాట్లాడింది. నలుగురు మనుషులు పరుపుతో సహా అతన్ని ఎత్తి సంఘం ఆఫీసులో, కార్యదర్శి టేబుల్ ముందు దించారు. చందాలు కట్టడానికి వచ్చినవాళ్లు లేచి నిలబడ్డారు.

కుక్కుటేశ్వరరావు ముఖం పాలిపోయింది. "ఇదేం పనమ్మా? ఈ స్థితిలో మనిషిని కదపొచ్చా?"

"కదపకూడదు సార్. మీరొస్తారని చూసినాము, రాలేదు. పరిశీలన ఈడనే చేసుకోండి," అంటూ మస్తాన్ బీ తమ్ముడి చొక్కా పైకి తీసింది.

కార్యదర్శి చూశాడు. వెంటనే చూపు తిప్పుకుని, "రూల్సు నేను పెట్టినవి కాదండి," అన్నాడు.

"అత్యవసరమని పేరు పెట్టినారు. అత్యవసరమంటే ఎన్నాళ్లు సార్? అది చెప్పండి, పోతాము."

వెంకటదుర్గ మెల్లగా అడిగింది. "కమిటీ వాళ్లు ముగ్గురు ఇక్కడే ఉన్నారు కదండీ. ప్రెసిడెంటు గారు పొద్దున్న పెళ్లి ఫొటోలు గ్రూపులో పెట్టారు. ఫోన్ చేతిలోనే ఉంటది. సంతకానికి అడ్డమేంటండి?"

వెనకనుంచి ఎవరో "ఆయ్, నిజమే కదండీ," అన్నారు. కమిటీ సభ్యుడొకడు పోలీసుల్ని పిలవాల్సి వస్తుందన్నాడు.

"పిలవండి," అంది మస్తాన్ బీ, తమ్ముడి తల దగ్గర నేల మీద కూర్చుంటూ. "మేము యాడికీ పోము."

ఎవరూ పోలీసుల్ని పిలవలేదు. చందా కట్టడానికి వచ్చినవాళ్లు కూడా కట్టకుండా అక్కడే నిలబడిపోయారు. కుక్కుటేశ్వరరావు ఫోన్ తీసుకుని ప్రెసిడెంటుకు వీడియో కాల్ కలిపాడు. ఫోన్‌ను పరుపు వైపు తిప్పి పట్టుకున్నాడు. సాయంత్రానికి సంతకం వచ్చింది.

టికెట్ డబ్బు ఇచ్చే రోజున సంఘం బ్యానర్ కట్టి, ఫొటోకి నిలబడమన్నారు. మస్తాన్ బీ బ్యానర్ పక్కకు వెళ్లలేదు.

"ఇది మా చందా సార్. దానమిచ్చినట్టు ఫొటో ఎందుకు?"

బుడేన్ సాహెబ్ ఊరు చేరాడు. పుండ్లు మానుతున్నాయి. నడుస్తాడో లేదో డాక్టర్లు ఇంకా చెప్పడంలేదు. నాలుగు రోజులు ముందే వచ్చి ఉంటే బాగుండేదని మాత్రం అన్నారట. ఆ మాట విన్న రోజు మస్తాన్ బీ అన్నం తినలేదు.

తర్వాతి శుక్రవారం ఆమె మళ్లీ సంఘం ఆఫీసుకు వెళ్లింది. పక్కన పాపాయమ్మ ఉంది. ఇళ్లలో పనిచేసే మనిషి. నూనె పడి చెయ్యి కాలితే, మామా అని పిలిచే ఇంటి యజమానురాలు పనిలోంచి తీసేసింది. ఆమె దరఖాస్తు కూడా ఎప్పటినుంచో పరిశీలనలోనే ఉంది.

కుక్కుటేశ్వరరావు నిట్టూర్చాడు. "మీ పని అయిపోయింది కదమ్మా. మళ్లీ ఎందుకండి?"

"నా పని అయింది సార్. రూలు అట్లనే ఉండాది. అది మారేదాకా ప్రతి శుక్రవారం ఎవరో ఒకరితో వస్తా."

పాపాయమ్మ కాలిన చేతిని కొంగు చాటున దాచుకుంది. మస్తాన్ బీ ఆ కొంగు తొలగించి, కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టింది.