అంకె ఒక్కటే చదివిన కోడలు

మెసేజి రెండోసారి చదివేసరికి ఆమె చేతిలోని దుప్పటి జారి కిందపడింది. మూడోసారి చదివింది. అంకె మారలేదు. అత్తయ్య ఖాతాలో నిన్నటిదాకా ముప్పై ఎనిమిది వేలున్నాయి. ఇప్పుడు నూట పన్నెండు రూపాయలున్నాయి.

తలెత్తి చూస్తే ఆవిరిలో అత్తయ్య వీపు కనిపిస్తోంది. మోచేతులదాకా రబ్బరు తొడుగులేసుకుని, తొట్టిలోంచి తడి దుప్పట్లు లాగుతోంది. శుక్రవారం ఆవిడకి కంటి ఆపరేషను. కుడి కన్ను ఎటూ పోయింది, ఎడమదైనా దక్కాలంటే ఇంక ఆగకూడదన్నాడు డాక్టరు. రోజుకి నాలుగొందల యాభై కూలిలో, రెండేళ్లు టీ కూడా మానేసి కూడబెట్టిన డబ్బది.

అది ఆసుపత్రుల బట్టలుతికే లాండ్రీ. తొట్ల దగ్గరా ఇస్త్రీ మిషన్ దగ్గరా కలిపి పదకొండు మంది ఆడవాళ్లు, పొద్దస్తమానం తడి చేతులే. అందుకని వాళ్ల ఫోన్లన్నీ మడతల బల్ల మీద, ఒక ట్రేలో ఉంటాయి. పొడి చేతులూ, నాలుగక్షరం ముక్కలూ ఉన్నది ఆ బల్ల దగ్గర మడతలు పెట్టే ఆమె ఒక్కతికే. అత్తయ్యది పంతొమ్మిదేళ్ల ఉద్యోగం కనక అక్కడందరికీ ఆమె కోడలే. ఒక్క అత్తతో వేగడమే గగనమైతే నాకు పదకొండు మందిని తగిలించారని నవ్వేది. ఏ ఫోను మోగినా ఆమే ఎత్తాలి, ఏ మెసేజి వచ్చినా ఆమే చదివి, మిషన్ల రొద మీంచి అరిచి చెప్పాలి. ఎవరి కార్డు వాళ్ల ఫోను కవర్లోనే ఉంటుంది. దాని రహస్య నంబరు కవరు వెనక అంటించిన ప్లాస్టరు ముక్క మీద ఉంటుంది. మొదట్లో ఆమె మెసేజి మొత్తం చదివేది. "ఆ సోదంతా ఎందుకే, అంకె చెప్పు చాలు!" అని అవతలనుంచి కేకలు. నిజమే మరి, ఆ రొదలో ఎవరికి వినిపిస్తుంది? అలా మాటలు వదిలేసి అంకెలు మాత్రమే చదవడం అలవాటైపోయింది.

పొద్దున తొమ్మిదింటికి అత్తయ్య ఫోను మోగింది. జీతాల బ్యాంకు నుంచట. మర్యాదస్తుడి గొంతు, అత్తయ్య పేరుతో సహా చెప్పాడు. "పన్నెండింటిలోగా వివరాలు సరిచూసుకోకపోతే ఈ నెల జీతం ఆగిపోతుందమ్మా." జీతం ఆగిపోతుందన్న మాట వింటే ఆ షెడ్డులో ఎవరాగి ఆలోచిస్తారు? కార్డు మీది నంబరు చదివింది. ప్లాస్టరు మీదిది చదివింది. మెసేజిలో వచ్చిన ఆరంకెలూ చదివింది. "మీతో పనిచేసేవాళ్ల ఫోను నంబర్లు కూడా ఇస్తే అందరిదీ ఒకేసారి చూసేస్తాం" అన్నాడు. అయ్యో, పది మందివీ ఇచ్చేసింది! పైగా థాంక్సు కూడా చెప్పింది.

సూపర్‌వైజరు గదికి పరిగెత్తింది. అతను సాంతం వినలేదు.

"పోలీసులూ గీలీసులూ అన్నావంటే లాండ్రీ పరువు బజారున పడుతుంది. నీ ఇంటి గొడవ నువ్వు చూసుకో. మూడింటికి నాలుగొందల దుప్పట్లు బండెక్కాలి. తొట్ల దగ్గర ఈ మాట ఎత్తావో, నువ్వూ మీ అత్తా రేపట్నుంచి రానక్కర్లేదు."

బల్ల దగ్గరికి తిరిగొచ్చేసరికి అత్తయ్య ఫోను మోగుతోంది. అదే గొంతు.

"పొరపాటు జరిగిందమ్మా. మీ డబ్బు వెనక్కి వేసేస్తాం. పక్క ఫోనుకి ఆరంకెల మెసేజి వస్తుంది, అది చెప్పండి చాలు."

వెనక్కి వేస్తారా! ప్రాణం లేచొచ్చినట్టయింది. ట్రేలో ఇంకో ఫోను వెలిగింది. అది ఇస్త్రీ మిషన్ దగ్గరి ముసలమ్మది. ఆమె గబగబా తీసింది. "ఏడు... నాలుగు..." అని నోరు తెరిచింది. తొందరలో తర్వాతి అంకె ఎక్కడుందో తప్పిపోయి, మెసేజి మొదటినుంచీ చూసింది. అప్పుడు కళ్లబడ్డాయి మాటలు. ఈ నంబరు ఎవరికీ చెప్పవద్దు. బ్యాంకువారు ఎప్పుడూ అడగరు.

పొద్దున కూడా ఇదే ఉండి ఉంటుంది. తను చదవలేదు.

"చెప్పండమ్మా, తర్వాత?"

"చెప్పను."

"చెప్పకపోతే మీ అత్తగారి డబ్బు రాదు. బాగా ఆలోచించుకోండి."

శుక్రవారం గుర్తొచ్చింది. ఇంకో నాలుగంకెలు చెబితే వస్తుందేమోనని పాడు ఆశ ఒక్క క్షణం లాగింది. పక్కనే ముసలమ్మ దగ్గుతూ దుప్పటి సాగదీస్తోంది.

"చెప్పనన్నానా!" అని కట్ చేసింది.

అవతలివాళ్లు ఊరుకోలేదు. ట్రేలో ఒక ఫోను మోగింది. దాని వెనకే ఇంకోటి. నిమిషం తిరక్కుండా నాలుగు ఫోన్లు ఒక్కసారే మోగుతున్నాయి.

"కోడలా! నాదేనా? ఎవరో ఎత్తి చూడవే!" తొట్టి దగ్గర్నించి ఎవరిదో కేక.

ఎంత అరిచినా ఈ రొదలో వినపడదు. ఆమె గోడ దగ్గరికి పరిగెత్తి, సూపర్‌వైజరు తప్ప ఎవరూ ముట్టకూడని మెయిన్ స్విచ్చి కిందికి లాగేసింది. మిషన్లన్నీ మూలిగి ఆగిపోయాయి.

"ఎవరూ ఫోనెత్తకండి! దొంగలు వాళ్లు. అత్తయ్యా... మీ డబ్బు పోయింది. నేనే నంబర్లు చెప్పాను. మీ అందరి ఫోను నంబర్లూ కూడా నేనే ఇచ్చాను. ఇప్పుడే బ్యాంకుకెళ్లి ఖాతాలు ఆపించుకోండి, పరిగెత్తండి!"

గది తలుపు ధడాలున తెరుచుకుంది. "ఎవరు ఆపింది? వెయ్యి స్విచ్చి!"

"వెయ్యను సార్. వాళ్లు వెళ్లేదాకా వెయ్యను."

"అందరికీ పూట కూలి కోసేస్తా!"

తొట్ల దగ్గర ఎవరూ కదల్లేదు. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటున్నారు. అత్తయ్య తొడుగులు ఊడదీసి, గోడ పట్టుకుని తడుముకుంటూ కోడలి దగ్గరికొచ్చింది.

"ఎంత మిగిలింది?"

"నూట పన్నెండు."

కొడుతుందేమోనని కోడలు కళ్లు మూసుకుంది. అత్తయ్య కొట్టలేదు. స్విచ్చికి అడ్డంగా ఆమె పక్కన నిలబడి, కోడలితో అంది.

"ముందు వాళ్లని పంపించు. నీ సంగతి తర్వాత."