వరండాలో కోరం

మండలాలు పుట్టిన కొత్తలో సభ ఎలా నడపాలో ఎవరికీ సరిగా తెలియదు గానీ, వాకౌట్ ఎలా చెయ్యాలో మాత్రం పేపర్లు చదివి అందరూ నేర్చేసుకున్నారు. మండలాధ్యక్షుడు కుక్కుటేశ్వరరావుకు అదే ప్రాణసంకటమైంది. ప్రతిపక్ష నాయకుడు గున్నేశ్వరరావు కాఫీలో పంచదార తగ్గినా సరే, కండువా దులుపుకొని తన వాళ్లతో వరండాలోకి వెళ్లి కూర్చునేవాడు. పెళ్లిలో అల్లుడి అలకలాగా, ఎవరో ఒకరు వెళ్లి బతిమాలితే గానీ లోపలికి వచ్చేవాడు కాదు. బతిమాలే పని ఉపాధ్యక్షురాలు అచ్చాయమ్మ మీద పడింది.

ఆ రోజు మాత్రం అలకలకు వ్యవధి లేదు. మురుగుకాలవ నిండా గుర్రపుడెక్క. ఎంత దట్టమంటే, ఓ గేదె దాని మీదుగా నడిచివెళ్లి, అవతలి ఊళ్లో ఈని, దూడతో సహా తిరిగొచ్చిందని చెప్పుకునేవారు. తొలకరికి ముందే తీయించకపోతే కుక్కుటేశ్వరరావు ఊరి ఆకుమళ్లన్నీ మునుగుతాయి. తీర్మానం ఇవాళే కావాలి.

"నా కుర్చీకి ఓ కాలు పొట్టిదండి. ఇది ప్రతిపక్షానికి అవమానం," అంటూ గున్నేశ్వరరావు లేచాడు. వెనకాల అతని వాళ్లూ లేచారు. కుక్కుటేశ్వరరావు వైపు వాళ్లు సగం మంది పెళ్లిళ్లకు పోయారు.

"సరిపడా మంది లేరండి. కోరం లేందే తీర్మానం చెల్లదు," అన్నాడు ఎండీవో చంద్రరావు.

అచ్చాయమ్మ బతిమాలడానికి వెళ్లింది. ఎంతకీ రాదు. కుక్కుటేశ్వరరావు కిటికీలోంచి చూస్తే వాళ్ల పక్కనే కూర్చుని ఉంది.

"ఏంటండి అచ్చాయమ్మగారూ?"

"ప్రతిసారీ నేనే బతిమాలాలాండి? నేనూ అలిగాను."

కుక్కుటేశ్వరరావుకు ఒళ్లు మండిపోయింది. "అయితే నాదీ వాకౌటే," అని బయటికి వెళ్లి, అందరికీ వీపు పెట్టి మెట్ల మీద కూర్చున్నాడు. మిగిలినవాళ్లు లోపల ఏం చెయ్యాలో తోచక వెనకే వచ్చారు.

అధ్యక్షుడు అలిగితే ఎవరు బతిమాలాలో ఏ రూల్లోనూ లేదు. గున్నేశ్వరరావు మబ్బు వంక చూశాడు. ఆ కాలవ అతని చేలగట్టును కూడా ఒరుసుకునే పోతుంది.

"లోపలికి దయచేయండి అధ్యక్షా."

"రానండి. అలకలు మీ ఒక్కరికేనా ఏంటి?"

"పోనీ, బావగారూ అంటాను. రండి."

చంద్రరావు గుమ్మంలోంచి తలలు లెక్కపెట్టాడు. "కోరం ఉందండి. కాకపోతే వరండాలో ఉంది. లోపల నేనొక్కణ్ణే."

"అయితే మీరూ వాకౌట్ చేసెయ్యండి," అంది అచ్చాయమ్మ.

చంద్రరావు కాయితాలు చంకన పెట్టుకొని వచ్చాడు. గున్నేశ్వరరావు ప్రతిపాదించాడు, అచ్చాయమ్మ బలపరిచింది. 'ఆమోదించడమైనది' అనడానికి మాత్రం, అందరికీ ఇంకోసారి కాఫీ వచ్చేదాకా కుక్కుటేశ్వరరావు నోరు విప్పలేదు.

అందులోనూ పంచదార తక్కువే. గున్నేశ్వరరావు ఒక గుక్క తాగి, మళ్లీ మబ్బు వంక చూసి, ఊరుకున్నాడు.