మచ్చలు తుడవని ఫొటో

ముప్పై ఏళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. కంప్యూటర్లో ఒక మొటిమ తియ్యడానికి నాకు రెండు క్షణాలు చాలు. పెళ్లికూతుళ్లయినా, పాస్‌పోర్టు వాళ్లయినా నా చేతిలో పడ్డారంటే నున్నటి మొహంతో బయటికి వెళ్లాల్సిందే. ఈ విషయంలో నాకు గర్వం కాస్త ఎక్కువే ఉండేది.

మా అమ్మాయి నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. ఎప్పుడూ కిచకిచలాడుతుందని ఇంట్లో పిచ్చుక అంటాం. ఆ ఏడు దాని మొహం నిండా మొటిమలు లేచాయి. ఇంకేం, అందరం తలా ఒక చెయ్యి వేశాం. మా ఆవిడ వాటి మీద టూత్‌పేస్టు పూసింది. పక్కింటావిడ నిమ్మరసంలో వంటసోడా కలిపి తెచ్చింది. ఇదంతా జిడ్డు వల్లేనని తేల్చి, రోజుకి ఆరుసార్లు సబ్బుతో కడుక్కోమన్నాను నేను. మొహం పొట్టు రాలుతోంది, క్రీము రాసుకుంటానంటే, "జిడ్డు మొహానికి మళ్లీ క్రీమా?" అని కసిరాను కూడా. నెల తిరిగేసరికి మొటిమలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మొహం మాత్రం వాత పెట్టినట్టు ఎర్రగా తయారైంది.

అప్పుడే కాలేజీ గుర్తింపు కార్డుకి ఫొటో కావాల్సి వచ్చింది. తండ్రి ప్రేమ కదా, దగ్గర కూర్చుని ఒక్కొక్క మొటిమా ఏరి పారేశాను. చూసి మురిసిపోతుందనుకున్నాను. ఒక్కసారి చూసి బ్యాగులో పెట్టేసుకుంది.

వారం తర్వాత పరీక్ష హాలు గేటు దగ్గర మేడమ్ కార్డునీ, దాని మొహాన్నీ మార్చి మార్చి చూసిందట. "ఎవరిదమ్మా ఈ కార్డు?" అని అడిగిందట. వెనక నిలబడ్డవాళ్లు నవ్వారట. ఎలాగో లోపలికి పంపారు. పరీక్ష రాసి తిన్నగా స్టూడియోకి వచ్చింది. ఎదురుగా కస్టమర్ ఉన్నాడని కూడా చూడలేదు.

"నాన్నా, నీక్కూడా నా మొహం నచ్చలేదా?"

మర్నాటి నుంచి అది కాలేజీ మానేసింది. ఈ మొహంతో వార్డులోకి వెళ్తే రోగులే తనకి మందు చెబుతారంది.

పక్కింటావిడ మళ్లీ ఏదో గిన్నె పట్టుకొస్తే గుమ్మంలోనే అడ్డం నిలబడి అరిచాను. మా ఆవిడ నన్ను లోపలికి లాగింది. "ఆవిడ మీద ఎగురుతారేం? ఆరుసార్లు సబ్బు పెట్టించింది ఎవరు?" అంది. నిజం చెబితే ఎవరికైనా కోపం వస్తుంది, నాకు మాత్రం సిగ్గేసింది.

చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాం. మా వైద్యాలన్నీ విని ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"పొట్టు రాలడం, మండడం చాలావరకు మీరు తెచ్చిపెట్టినవేనండీ. మొటిమలు మురికి వల్ల రావు. ఈ వయసులో వస్తాయి, వైద్యముంది. జిడ్డు చర్మానికైనా తేమ కావాలి. పేస్టు పళ్లకి పెట్టండి, నిమ్మకాయ వంటింట్లో ఉంచండి."

తర్వాత చీటీ రాసింది. పొద్దున గాఢత లేని ఫేస్‌వాష్, పల్చటి మాయిశ్చరైజర్, దాని మీద సన్‌స్క్రీన్. రాత్రి మళ్లీ కడుక్కుని మొహమంతటికీ బఠాణీ గింజంత మందు, మాయిశ్చరైజర్. గిల్లకూడదు.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే. కానీ రోజూ చెయ్యాలి. తేడా కనబడటానికి రెండు మూడు నెలలు పడుతుంది."

"అన్నాళ్లా! నా కంప్యూటర్లో రెండు క్షణాలండీ" అన్నాను బుద్ధిలేక.

"మరి అక్కడే ఉంచుకోండి మీ అమ్మాయిని" అంది డాక్టరు.

పిచ్చుక ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

మూడు వారాలకి దాని ఓపిక అయిపోయింది. అద్దం ముందు నిలబడి, "ఏం తగ్గలేదు, అంతా దండగ" అని ఏడ్చింది. నాకొచ్చిన విద్య ఒక్కటే. మొదటి ఆదివారం నుంచీ అదే కుర్చీలో, అదే లైటు కింద దాని ఫొటో తీస్తూ వచ్చాను. ఒక్క చుక్క కూడా తుడవలేదు. నా చేతికి అది కఠినమైన పథ్యం. ఆ మూడూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఎర్రదనం తగ్గుతోంది. అది కళ్లు తుడుచుకుని వెళ్లి మాయిశ్చరైజర్ రాసుకుంది.

ఆరో వారం కాలేజీ నుంచి ఫోనొచ్చింది. సోమవారం రాకపోతే ఆ ఏడు చదువు పోయినట్టేనన్నారు. ఆ ఆదివారం ఫొటోలో నుదురు తేటగా ఉంది. బుగ్గల మీద మచ్చలున్నాయి. గడ్డం మీద నాలుగు మొటిమలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"దీంతో కొత్త కార్డు చేయించుకుంటాను" అంది.

"ఈ నాలుగూ తీసేసి ఇస్తానమ్మా" అంటూ మౌసు పట్టుకున్నాను. పాడు అలవాటు.

నా మణికట్టు పట్టుకుంది. "ఉండనీ నాన్నా. ప్రింటు తియ్యి."

తీశాను. కళ్లు చెమర్చి, కాగితం సరిగ్గా కత్తిరించలేకపోయాను.

సోమవారం ఆ నాలుగు మొటిమలతోనే వార్డుకి వెళ్లింది. నేను రోజంతా స్టూడియోలో కాలు కాలిన పిల్లిలా తిరిగాను. సాయంత్రం వచ్చీ రాగానే చెప్పడం మొదలుపెట్టింది. ఒక పెద్దాయన ఇంజెక్షనంటే హడలిపోతున్నాడట, కబుర్లు చెబుతూ నొప్పి తెలియకుండా చేసిందట, రేపు కూడా ఈ అమ్మాయే రావాలన్నాడట.

ఉండబట్టలేక అడిగేశాను. "మొహం గురించి ఏమైనా అన్నాడా?"

"ఎవరి మొహం?" అంది.