లేవని పిల్ల

సిపాయిల పాఠం ఉన్న రోజు పిల్లలకి స్వెట్టర్లు వేసి పంపాలని ఆ ఊళ్ళో ప్రతి తల్లికీ తెలుసు. వాళ్ళు వచ్చారంటే గది చల్లబడిపోతుంది. బడి ఆయా పొద్దున్నే రెండో తరగతి గుమ్మంలో గోనెపట్టా పరిచింది, బూట్ల బురద లోపలికి రాకుండా. పక్క తరగతివాళ్ళు అటువైపు కిటికీలు మూసేసుకున్నారు. ఏటా జరిగే తంతే, ఇందులో ఎవరికీ వింతేమీ లేదు.

కొత్తదల్లా టీచరే. ఏళ్ల తరబడి స్వాతంత్ర్య పోరాటం పాఠం చెప్పిన ముసలి మాస్టారు రిటైరైపోతే అది వచ్చి ఈమె నెత్తిన పడింది. వారం నుంచి అన్నం సయించడం లేదు. మెలకువలు చెప్పించుకుందామని మాస్టారి ఇంటికి వెళ్తే ఆయన వరండాలో కూర్చోబెట్టి, ఏదో కుక్కర్ వాడకం చెప్పినట్టు తాపీగా చెప్పుకొచ్చాడు. "పరాయివాళ్ళు మన దేశానికి వచ్చారు" అనగానే సిపాయిలు తలుపు తోసుకుని వస్తారు. "వాళ్ళు వెళ్ళిపోయారు" అనేదాకా గోడవారన నిలబడి ఉంటారు. ఆ రెండు మాటల మధ్య ఉన్నదంతా ఎక్కడా ఆగకుండా గబగబా అప్పజెప్పేయాలి. వాళ్ళు రాగానే పిల్లలూ టీచరూ లేచి నిలబడాలి, వెళ్ళేదాకా ఎవరూ కూర్చోకూడదు.

"కూర్చుంటే ఏమవుతుంది మాస్టారూ?"

మాస్టారు పాఠ్యపుస్తకం తెరిచి ఖైదీల ఫొటో చూపించాడు. సంకెళ్ళతో నడుస్తున్న వరసలో చివరి మనిషి చేతికి డిజిటల్ వాచీ ఉంది. అతను ఆ బళ్ళోనే డ్రాయింగు చెప్పేవాడట. ఓ ఏడు మోకాలు నొప్పిగా ఉందని లేవలేదట. కొత్త పుస్తకాలు వచ్చినప్పుడల్లా అతని భార్య ఒకటి కొనుక్కుని వెళ్తుందని చెప్పి, మాస్టారు కాఫీ తాగుతావా అని అడిగాడు.

టీచరుకి ఇంకో గుబులు కూడా ఉంది. ఆమె మేనకోడలు అదే తరగతిలో మూడో బెంచీ. వయసుకి తగ్గ పొడుగు లేదు కాబట్టి ఇంటా బయటా దాన్ని బుడంకాయ అంటారు. దానికి నోట్లో మాట ఆగదు, ఒంట్లో స్థిమితం ఉండదు. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి బయల్దేరుతూ వదిన ఆ పొద్దున చెప్పులేసుకోకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. "దీన్ని ఇవాళ ఒక్కరోజు మాన్పించెయ్యనా?" అంది.

మాన్పించెయ్ అనే మాట టీచరు నోటిదాకా వచ్చింది. కానీ టీచరు మేనకోడలే మానేస్తే మిగతా తల్లులు ఊరుకుంటారా? "నేనున్నాగా వదినా," అంది. అన్నదే కానీ తను ఉండి ఏం చేయగలదో తనకే తెలియదు.

రెండో పీరియడు గంట కొట్టారు. టీచరు వీపు నల్లబల్లకి ఆనేదాకా వెనక్కి జరిగి, మేజా వెనక నిలబడింది. మొదటి వాక్యం చెప్పింది.

తలుపు తెరుచుకుంది. చలి ముందు వచ్చింది, వెనకే బూట్లు. సిపాయిలు గోడవారన వరసగా నిలబడ్డారు. ఆఖర్న వచ్చిన ఆఫీసరు చేతిలో బెత్తం, నడుముకి వేలాడుతూ ఒక జత సంకెళ్ళు. బెంచీలు కిర్రుమన్నాయి, పిల్లలు లేచారు. టీచరు ఎవరి ముఖమూ చూడకుండా మిగతా పాఠం అందుకుంది. పన్నులు, తుపాకులు, జైళ్ళు, అన్నీ ఒక్క ఊపిరిలో దొర్లించేసింది. జనమంతా నడివీధిలో కూర్చుని లేవమన్నా లేవలేదనే చోటికి వచ్చి తలెత్తింది.

మూడో బెంచీలో బుడంకాయ కూర్చునే ఉంది.

టీచరు లెమ్మని కళ్ళతో సైగ చేసింది. పిల్ల తల అడ్డంగా ఊపింది. ఆఫీసరు అది చూశాడు. మధ్య దారిలోంచి నెమ్మదిగా నడిచి వచ్చి బెత్తంతో బెంచీ మీద కొట్టి, ఎవరికీ తెలియని భాషలో ఒక మాట అన్నాడు. తెలియకపోయినా అందరికీ అర్థమైంది.

"వాళ్ళు వెళ్ళిపోయారు," అంది టీచరు హడావిడిగా. సిపాయిలెవరూ కదల్లేదు. మళ్ళీ అంది. ఆఫీసరు వెనక్కి చూడనైనా చూడలేదు. ఆ చిన్న చేతుల్ని చూస్తూ సంకెళ్ళు నడుము నుంచి విప్పుతున్నాడు.

అప్పుడు కనబడింది ఆమెకి, బెంచీ అంచునుంచి బొట్లు బొట్లుగా కారుతున్న తడి. గౌనంతా తడిసిపోయింది పిల్లకి. లేస్తే తరగతంతా చూస్తుంది. అందుకని రెండు చేతులతో బెంచీని పట్టుకుని కూర్చుండిపోయింది. సిపాయిలంటే భయమే, కానీ పక్క బెంచీ పిల్లలు నవ్వుతారన్న భయం అంతకంటే పెద్దది.

టీచరుకి పరుగెత్తాలనిపించింది. ఒట్టు, తలుపు వైపు చూసింది కూడా. కాళ్ళు మాత్రం మూడో బెంచీకి తీసుకెళ్ళాయి. ఆ తడిలోనే కూర్చుని, పిల్లని ఒళ్ళోకి లాక్కుని, తన బట్టలతో కప్పేసింది.

టీచరే కూర్చుంటే పిల్లలకి ఇంకేం కావాలి. ముందు పక్కనున్నవాడు చతికిలబడ్డాడు, తర్వాత వెనక బెంచీ, తర్వాత గదంతా. సగం మంది ఏడుస్తున్నారు. ఒకడికి ఎక్కిళ్ళు. ఆఫీసరు బెంచీల మీద బెత్తంతో కొట్టుకుంటూ ఆ చివరికి వెళ్ళాడు, ఈ చివరికి వచ్చాడు. ఒక్కరూ లేవలేదు. చేతిలో సంకెళ్ళేమో ఒక్క జతే. వాటిని ఎవరికి వేయాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు. గోడవారన ఒక సిపాయి బరువు మార్చుకున్నాడు. ఇంకొకడు బయటికి నడిచాడు. వాడి వెనకే మరొకడు. చివరికి ఆఫీసరు కూడా, దారి తప్పి వచ్చినవాడిలా, గోనెపట్టా మీద తడబడి వెళ్ళిపోయాడు.

మర్నాడు రెండో సెక్షనులో అదే పాఠం. పరాయివాళ్ళు వచ్చారని ఆ సెక్షను టీచరు చెప్పి, తలుపు వైపు చూసింది. ఎవరూ రాలేదు. పిల్లలు స్వెట్టర్లు విప్పేశారు. మొదట కూర్చున్న వీరుడెవరో చెబితే ప్రార్థనలో చప్పట్లు కొట్టిద్దామని పెద్ద టీచరు వచ్చి అడిగింది. అందరం ఒక్కసారే కూర్చున్నామని బుడంకాయ అత్త అబద్ధమాడింది.

ఆ సాయంత్రం బడి నుంచి వస్తూ బుడంకాయ టీచరు చెయ్యి పట్టుకుని లాగింది.

"అత్తా, నేనెందుకు లేవలేదో ఎవరికీ చెప్పవుగా?"

"చెప్పనే."

ఇంకొంచెం దూరం నడిచారు.

"మరి పాఠంలో రోడ్డు మీద కూర్చున్నవాళ్ళు ఉన్నారు కదా. వాళ్ళు కూడా అందుకేనా లేవలేదు?"

టీచరు నడుస్తున్నదల్లా ఆగిపోయింది.

"కొందరు అందుకే అయ్యుంటారమ్మా," అంది.