గెలిచిన శీర్షిక

ఆ వార్తల వెబ్‌సైట్ ఆఫీసులో ఆమెను అందరూ చుక్కలమ్మ అంటారు. శీర్షికలో అసలు సంగతి దాచేసి చివర మూడు చుక్కలు పెట్టడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. అక్కడ ప్రతి వార్తకూ రెండు శీర్షికలు రాయాలి. పది నిమిషాలపాటు సగంమంది పాఠకులకు ఒకటి, మిగతా సగానికి రెండోది కనిపిస్తాయి. ఎక్కువమంది నొక్కినదాన్ని కంప్యూటర్ ఉంచుతుంది, ఓడినదాన్ని తీసేస్తుంది. నిర్ణయం దానిది గనుక పాపమూ దానిదేనని ఆఫీసంతా హాయిగా టీ తాగుతుంటుంది.

పోయిన వారం ఒక ఆసుపత్రిలో టీకా వేయగానే ఓ పాప స్పృహ తప్పింది. భయంతో కళ్లు తిరిగాయి, అంతే. పావుగంటలో లేచి బిస్కెట్ తింది. చుక్కలమ్మ మొదటి శీర్షిక బుద్ధిగానే రాసింది: 'టీకాకు భయపడి స్పృహ తప్పిన పాప క్షేమం'. రెండోదానికి వచ్చేసరికి చెయ్యి ఊరుకోలేదు: 'సూది గుచ్చిన నర్సు... క్షణాల్లో పాప...' ఏది గెలిచిందో వేరే చెప్పాలా?

ఈరోజు మధ్యాహ్నం ఆ నర్సే ఆఫీసుకు వచ్చింది. మాట్లాడి పంపెయ్యమని ఎడిటర్ చుక్కలమ్మనే పంపాడు.

"లోపలంతా సరిగ్గానే రాశారమ్మా. కానీ లోపలిదాకా ఎవరు చదివారు? పై ముక్క చూసి, నా చేత సూది వేయించొద్దని తల్లులు గొడవ చేశారు. పదిహేడేళ్లు పిల్లల వార్డులో చేశాను. ఇప్పుడు స్టోర్ రూములో మందులు సర్దుకోమన్నారు. ఎవరమ్మా ఇది రాసింది?"

"మనుషులు కాదండీ, అంతా సిస్టమే చేస్తుంది," అంది చుక్కలమ్మ.

నర్సు ముఖం తేటపడింది. "అమ్మయ్య! నామీద ఎవరికో కడుపుమంట అనుకుని వారంనుంచి కుమిలిపోతున్నా. మిషనా! దానికేం తెలుసు పాపం." థాంక్స్ కూడా చెప్పి మెట్లు దిగిపోయింది.

ఆ థాంక్స్ చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. చుక్కలమ్మ సీటుకు వెళ్లి శీర్షిక మార్చింది. కానీ పాతది అప్పటికే ఊరందరి ఫోన్లలో తిరుగుతోంది. ఎన్ని ఫోన్లలోంచి వెనక్కి లాగగలదు? సిగ్గుతో చచ్చినంత పనయింది. ఇక కూర్చోలేక, నర్సు ఇంకా అక్కడే ఉంటుందేమోనని బస్టాపుకు పరుగెత్తింది. ఉంది.

"మిషన్ ఎంచుకుందంతేనండీ. రాసింది నేను. జనం నొక్కుతారని తెలిసే రాశాను."

నర్సు ఆమెను ఎగాదిగా చూసింది. "నేను నీకేమన్నా చేశానా తల్లీ?"

"లేదండీ. అసలు మీరెవరో కూడా నాకు తెలీదు."

నర్సు మొహం తిప్పుకుని బస్సు వచ్చేవైపు చూసింది. కోపంగా తిట్టినా బాగుండుననిపించింది చుక్కలమ్మకు.

"రేపు మీ వార్డుకొచ్చి అందరికీ చెప్తానండీ, మీ తప్పేం లేదని."

బస్సు వచ్చింది. నర్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"రా. నా తప్పు లేదని డాక్టరుగారు ఎప్పుడో చెప్పారు, ఎవరూ వినలేదు. ఇప్పుడు నాతో అన్నావే, నేనెవరో కూడా తెలీదని, ఆ మాట చెప్పు వాళ్లకి."